గోడ మీద పెన్సిల్ పేరు

బుడాపెస్ట్,
2 సెప్టెంబరు 1998

ప్రియమైన మిక్లోష్,

నువ్వూ మీ ఆవిడ ఇల్దికో కులాసా అని తలుస్తాను. సెగెడ్‌లో ఎండలు తగ్గాయా? ఇక్కడ తగ్గాయి. నేను బాగానే ఉన్నాను. సర్వే ఆఫీసుకు వెళ్తున్నాను, పటాలు గీస్తున్నాను, వస్తున్నాను. పై అంతస్తు ఆవిడ శనివారాలు రాత్రంతా ఉడికించిన చిక్కుడు గింజలు ఒక గిన్నెడు పంపిస్తోంది. సగం మర్నాటికి ఉంచుకుంటున్నాను. మీ అక్క యూదిత్ ఉన్నప్పుడు మర్నాటికి మిగిలేది కాదు.

ఒక పని మొదలుపెట్టాను. మీ అక్క వదిలి వెళ్ళిన ఫిల్ము చుట్టలు కడుగుతున్నాను. స్నానాల గదిలో ఎర్ర బల్బు తను తగిలించిన చోటే ఉంది. మొదటి చుట్ట పాడు చేశాను. తర్వాత చెయ్యి కుదిరింది. అన్నీ ఆ గోడవే, అన్నీ నలుపు తెలుపు. రంగు ఫిల్ము ఎందుకు వాడవని ఒకసారి అడిగితే, "రాయికి రంగు లేదు, పెన్సిల్‌కి రంగు లేదు. మధ్యలో నీ నీలాకాశం ఎందుకు, అడ్డం?" అంది.

నీకు తెలిసిన సంగతే మళ్ళీ రాస్తున్నాను. ఈ ఉత్తరంలో ఏదీ తేలిగ్గా దాటిపోకూడదని. కొజ్మా వీధి యూదుల శ్మశానంలో, నలభై నాలుగులో నాజీల చేతుల్లో చంపబడ్డ మనవాళ్ళ పేర్లు చెక్కిన ఆ గోడలు కట్టిన ఏడు మీ నాన్న చూడ్డానికి వెళ్ళాడు. చెక్కిన పేర్లలో తనవాళ్ళు లేరు. అందరూ చేస్తున్నట్టే జేబులోంచి పెన్సిల్ తీసి పక్క ఖాళీలో తనే రాశాడు. మొదటి భార్య ఓల్గా. దాని కింద కూతురు లీవియా, మూడేళ్ళు. ఆ తర్వాత మీ అమ్మను చేసుకున్నాడు. యూదిత్ పుట్టింది, నువ్వు పుట్టావు. నాన్న పోయాక ఆ రెండు పేర్లూ చెరిగిపోకుండా దిద్దే పని యూదిత్ తీసుకుంది. దిద్దిన ప్రతిసారీ ఫొటో తీసింది.

ఆ ఫొటోలు భోజనాల బల్ల మీద ఏడాది వారీగా పరిచాను. కొలతల మనిషిని, నాకు వేరే పద్ధతి రాదు. శరదృతువులో, మన యూదుల కొత్త సంవత్సరానికి ముందు మనం సమాధులు చూడ్డానికి వెళ్ళే రోజుల్లో తీసినవి కొన్ని. వసంతంలో తీసినవి కొన్ని. శరదృతువు ఫొటోల్లో రెండు పేర్లూ ఉన్నాయి. వసంతం ఫొటోల్లో ఓల్గా ఉంది, లీవియా లేదు. ఆ చోట రాయి మిగతా గోడకన్నా తెల్లగా ఉంది. ఆ తర్వాతి ఫొటోలో లీవియా మళ్ళీ ఉంది, మీ అక్క చేతిరాతలో. మూడు చలికాలాలుగా ఇదే వరస.

ఆ పేరు ఎందుకు పోతోందంటే "వాన" అనేది తను. వాన అయితే చుట్టూ ఉన్న పెన్సిల్ పేర్లు కూడా పోవాలి. అవి చెక్కు చెదరలేదు. వాన ఒక్క పేరు వెతుక్కుని తుడవదు. ఇంకో సంగతి. ఓల్గా పేరు తగ్గకపోగా ఏటా కాస్త నల్లబడుతోంది. యూదిత్ మెత్తటి పెన్సిల్ వాడేది, గీత వెడల్పుగా పడుతుంది. ఓల్గా మీద పడ్డ గీత సన్నం, గట్టి పెన్సిల్‌ది. ఎవరో తల్లి పేరు దిద్ది బిడ్డ పేరు తుడుస్తున్నారు. అలాంటి మనిషి ఎలాంటివాడో నాకు బోధపడటం లేదు.

మార్చిలో మీ అక్క పోయాక, మన ఆచారం ప్రకారం ఏడు రోజులూ అద్దాలకు దుప్పట్లు కప్పి మనం పొట్టి బల్లల మీద కూర్చున్నప్పుడు, నువ్వు ఒక మాటన్నావు. "బావా, ఇక ఆ గోడని వదిలెయ్యి. మా అమ్మ బతికినన్నాళ్ళూ ఆ చచ్చిపోయిన పిల్ల కంచం పక్కనే కూర్చుని తింది. నాన్న మాకు ముద్దు పెట్టాలన్నా ముందు దానికి పెట్టి వచ్చేవాడు." అప్పుడు నేను పట్టించుకోలేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. ఊరికే అడుగుతున్నాను. నిరుడు నువ్వు సమాధులు చూడ్డానికి వచ్చినప్పుడు గోడ దగ్గరికి ఒక్కడివే వెళ్ళావా?

ఆసుపత్రిలో చివరి వారం మీ అక్క నన్ను కోరింది ఒక్కటే. "లీవి పేరు పోనివ్వకు. నాన్న నాకు అప్పజెప్పాడు. నేను నీకు అప్పజెబుతున్నాను." సరే అన్నాను. నేను మాటలు ఎక్కువ ఇచ్చే మనిషిని కాను. తనకు ఇచ్చిన ఆఖరు మాట ఇది.

పండగ ముందు వస్తారుగా. స్టేషనుకు వస్తాను.

మీ బావ,
ఆండోర్


బుడాపెస్ట్,
28 సెప్టెంబరు 1998

ప్రియమైన మిక్లోష్,

మీరు క్షేమంగా చేరినట్టు ఇల్దికో కార్డు అందింది. నువ్వు రాయలేదు. కోపంగా ఉన్నావని తెలుసు. నేను కూడా మెత్తగా రాయడం లేదు, క్షమించు.

ఆ రోజు సంగతి నా వైపు నుంచి చెబుతాను. మీ రైలు రాకముందే, పొద్దున్నే, నేను ఒక్కణ్ణే శ్మశానానికి వెళ్ళి లీవియా పేరు రాసి ఉంచాను. యూదిత్ పెన్సిల్‌తోనే. ఈ ఏడు రాయడానికి తను లేదు. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు మీతో మళ్ళీ వచ్చాను. గేటు దగ్గర కాపలా ఆయన లోపలికి వెళ్ళే ముందు తల కప్పుకోమని నీకు టోపీ ఇస్తూ, "డాక్టరుగారూ, మీ బట్టతల మీద నిలిచేది ఇదొక్కటే ఉంది" అన్నాడు. "నా తల సంగతి తర్వాత, నువ్వు నోరు తెరువు, ఎన్ని పళ్ళు మిగిలాయో చూస్తాను" అన్నావు నువ్వు. ఇల్దికో నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే నీ చేతులు చూస్తున్నాను.

గోడ దగ్గర నువ్వు ఆగిపోయావు.

"మళ్ళీ రాశావా?"

"రాశాను."

"అచ్చం అక్క రాసినట్టే ఉంది."

"పటాల మీద పేర్లు రాసే చెయ్యి. ఎటు తిప్పితే అటు తిరుగుతుంది."

నువ్వు లీవియా పేరు దగ్గరికి వేలు తీసుకెళ్ళావు. నేను కెమెరా నొక్కాను. నువ్వు తిరిగి చూసి, "ఏంటి బావా, వేలిముద్రలు తీస్తున్నావా?" అన్నావు. ఇల్దికో ఊరుకోలేదు. "పోలీసు స్టేషన్లో నయం అన్నయ్యా, కూర్చోబెట్టి కాఫీ అయినా ఇస్తారు" అంది.

ఆ ఫొటో ఇప్పుడు నా ముందుంది. నీ వేలు పేరుకు జానెడు దూరంలో ఉంది. ముట్టుకోబోతున్నావా, చూపిస్తున్నావా, ఫొటో చెప్పదు. నీ నోరు మాత్రం తెరిచి ఉంది. ముందు పళ్ళ మధ్య ఆ సందు స్పష్టంగా పడింది. మీ నాన్నది, యూదిత్‌ది, నీది. పళ్ళ డాక్టరువై ఉండి నీది నువ్వు పూడ్చుకోలేదు. మా పెళ్ళికి కానుకగా యూదిత్‌ది పూడుస్తానంటే తను ఒప్పుకోలేదు. "అది నాన్న. ముట్టుకోకు" అంది. ఆ సందు చూస్తే నా కోపం కాస్త తగ్గుతుంది. అందుకే ఆ ఫొటో ఎక్కువసేపు చూడటం లేదు.

మీరు వెళ్ళిన మర్నాడు మళ్ళీ వెళ్ళి చూశాను. పేరు ఉంది. ఇంతకుముందూ ఈ రోజుల్లో ఉండేది. చలికాలంలోనే పోయేది. అంటే నువ్వు పండగకు కాదు, తర్వాత ఎప్పుడో వస్తున్నావు, మాకు చెప్పకుండా.

ఒకటే అడుగుతున్నాను. నువ్వేనా? నువ్వే అయితే చెప్పు. నీ చిన్నప్పటి బాధ నేను కాదనను. కానీ బతికున్నవాడివి నువ్వు. ఆ పిల్లకు ఈ లోకంలో మిగిలింది నాలుగు వేళ్ళ వెడల్పు పెన్సిల్ గీత. దాన్ని కూడా ఉండనివ్వలేవా?

ఆండోర్


బుడాపెస్ట్,
21 అక్టోబరు 1998

ప్రియమైన మిక్లోష్,

నీ ఉత్తరం అందింది. "నేను పళ్ళు పీకుతాను బావా, పేర్లు కాదు" అని ఒక్క వాక్యం రాశావు. సంతకం కూడా లేదు. నవ్వాలో నమ్మాలో తెలియలేదు.

నమ్ముదామనే కూర్చున్నాను. వసంతం ఫొటోలు మళ్ళీ తీశాను. గోడ అడుగున, ఆ పేర్లకు సరిగ్గా కింద, ప్రతి ఏడూ ఏవో ఎండిన పుల్లలు. ఇన్నాళ్ళూ చెత్త అనుకున్నాను. భూతద్దం పెట్టి చూశాను. చామంతులు. వాటి పక్కన కరిగిపోయిన కొవ్వొత్తి. మనవాళ్ళు సమాధి మీద గులకరాయి పెడతారు. పువ్వు పెట్టరు. చామంతులు నవంబరు ఒకటిన క్రైస్తవులు తమ పెద్దల సమాధులకు పట్టుకెళ్ళేవి. మన రెండు కుటుంబాల్లో ఆ అలవాటు ఉన్న మనిషి ఒక్కరే ఉన్నారు.

అందుకే ఇల్దికోకు ఫోను చేశాను. నవంబరు ఒకటిన ఏ ఊరు వెళ్తారని అడిగాను. "మా అమ్మ సమాధి బయాలో ఉంది అన్నయ్యా, అక్కడికి వెళ్తాం, ఇంకెక్కడికి?" అంది. బుడాపెస్ట్ రారా అన్నాను. "ఇన్నేళ్ళు మీ ఇంట్లో పంది మాంసం పేరెత్తలేదు, కొవ్వొత్తులు మీకు నచ్చినట్టే వెలిగించాను. ఇప్పుడు దొంగను కూడా చేశారా? వదిన ఉంటే ఈ ఫోను మీ చేతిలోంచి లాక్కునేది" అని పెట్టేసింది. చివరి మాట నిజం. అయినా జవాబు కాదు.

ఈ ఏడు నవంబరు ఒకటి ఆదివారం వచ్చింది. మన శ్మశానం గేటు తెరిచే ఉంటుంది. నేను గోడ దగ్గర ఉంటాను. ఎవరు వస్తే వాళ్ళ ఫొటో తీస్తాను.

మార్చిలో మీ అక్క సమాధికి రాయి నిలబెడతాం. నిన్ను రావద్దని ఇంకా అనడం లేదు. ఆ ఫొటో కడిగాక చెబుతాను.

ఆండోర్


బుడాపెస్ట్,
2 నవంబరు 1998

నా మిక్లోష్,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. ఇల్దికోను కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకో.

నిన్న ఇరవై ఎనిమిదో నంబరు ట్రాములో నిలబడే చోటు లేదు. అందరి ఒళ్ళోనూ చామంతి కుండీలు. పక్కనున్న క్రైస్తవుల పెద్ద శ్మశానం దగ్గర జనమంతా దిగిపోయారు. చివరి స్టాపుకు నేనూ, తలకు ఉన్ని రుమాలు కట్టుకున్న ఒక పెద్దావిడా మిగిలాం. ఆవిడ ఒళ్ళో కుండీ ఉంది. పల్లెటూరి మనిషి, దిగే చోటు తప్పిపోయిందనుకున్నాను. "అమ్మా, మీరు దిగాల్సింది వెనక స్టాపు" అన్నాను. "తెలుసు" అంది, ముఖం తిప్పుకుని. నా మనసంతా నీ మీదా ఇల్దికో మీదా ఉంది. గోడ దగ్గరికి చేరి, స్తంభం వెనక నిలబడి మీ ఇద్దరిలో ఎవరు వస్తారా అని దారి చూస్తున్నాను.

ఆవిడే వచ్చింది.

కుండీ కింద పెట్టింది. కొవ్వొత్తి వెలిగించింది. వేళ్ళు పెదవులకు ఆనించుకుని ఓల్గా పేరు మీద పెట్టింది. బుట్టలోంచి పెన్సిల్ తీసి ఆ పేరును ఒక్కో అక్షరం నెమ్మదిగా దిద్దింది. తర్వాత చేతిరుమాలు తీసి, ఉమ్మితో తడిపి, కింది పేరును గట్టిగా రుద్దడం మొదలుపెట్టింది. నేను కెమెరా నొక్కాను. ఆ చప్పుడుకు ఆవిడ ఉలిక్కిపడింది.

"ఆ పేరు ముట్టుకోకండి" అన్నాను.

"ఎవరు మీరు? సర్కారు మనిషా?"

"ఆ పేరు మా ఇంటిది."

"మీరేనా?" ఆవిడ గొంతు పెరిగింది. "ఏటా దీన్ని రాస్తున్నది మీరేనా? నేను మీకేం చేశానయ్యా? వచ్చి తుడిచి వెళ్తాను. మళ్ళీ ఏడు వచ్చేసరికి మళ్ళీ నన్ను చంపి ఉంచుతారు. నా చావు నేను తుడుచుకుంటుంటే మీకేం పోయింది?"

ఏం విన్నానో నాకు వెంటనే అర్థం కాలేదు. మీ పేరేమిటని అడిగాను.

"ఊళ్ళో మారిష్కా అంటారు." రుమాలు పట్టుకున్న చేతితో గోడను చూపించింది. "ఇక్కడ ఇదీ."

నమ్మలేదు. నా సంగతి నీకు తెలుసు. ఎన్ని విధాల అడగవచ్చో అన్ని విధాలా అడిగాను. ఆవిడ కూడా నన్ను నమ్మలేదు. సగం జవాబు చెప్పి, "మీకెందుకు?" అనేది. ముక్కలు ముక్కలుగా తేలింది ఇది. నలభై నాలుగు శరదృతువులో ఓల్గా తన బిడ్డను, అదే మేడలో ఇళ్ళు ఊడ్చే ఒక ఆవిడ చేతికిచ్చింది. ఆ ఆవిడ పిల్లను ప్యోర్ దగ్గర పల్లెలో తన చెల్లెలి ఇంట్లో వదిలి తిరిగి వచ్చింది. తర్వాత బుడాపెస్ట్ ముట్టడిలో బాంబు పడి మేడ ముందుభాగం కూలింది, ఆవిడ అందులోనే పోయింది. మీ నాన్న నిర్బంధ శిబిరం నుంచి వచ్చేసరికి చెప్పేవాళ్ళు లేరు. పెంచినావిడ వెతకలేదు. ఎందుకని నేను అడగలేదు, లీవియా చెప్పలేదు. నాలుగేళ్ళ కిందట ఆ పెంచినావిడ పోతూ పోతూ చెప్పింది. "నీ పేరు వైన్‌బెర్గర్ లీవియా. మీ అమ్మ పేరు ఓల్గా. ఎవరికీ చెప్పకు."

ఆవిడ వైన్‌బెర్గర్ల కోసం వెతికింది. మీ నాన్న యుద్ధం తర్వాత ఇంటిపేరు మార్చుకుని వాడాస్ అయ్యాడు కదా. ఎక్కడ దొరుకుతాడు? చివరికి ఆవిడకు దొరికింది ఈ గోడ. గోడ మీద వైన్‌బెర్గర్ ఓల్గా, దాని కింద తన పేరు. మొదటిసారి, ఎవరో పొరపాటు పడ్డారులే అని తుడిచి, తల్లికి పూలు పెట్టి వెళ్ళింది. మరుసటి ఏడు పేరు మళ్ళీ ఉంది, ఇంకా నల్లగా.

"అప్పుడు భయమేసింది" అంది. "ఎవరో నేను చచ్చిపోయే ఉండాలని పట్టుబట్టి ఉన్నారనుకున్నాను. ఏ ఇల్లో ఎవరి పేరనో మారి ఉంటుంది, నేను బతికుంటే వాళ్ళకు ఇబ్బంది అనుకున్నాను. అందుకే ఎవర్నీ అడగలేదు. మీరు ట్రాములో పలకరిస్తే కూడా, ఇతనే అయి ఉంటాడు అనుకున్నాను."

"రాసింది నేను కాదు. నా భార్య. మీ చెల్లెలు" అన్నాను.

"నాకు చెల్లెలు లేదు."

"ఉండేది."

ఆవిడ ఏడవలేదు. నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. అప్పుడు చూశాను మిక్లోష్. ముందు పళ్ళ మధ్య సందు.

ఇక నేను ఏమీ అడగలేదు.

యూదిత్ పండగ ముందు వచ్చి రాసేది. ఈవిడ నవంబరు ఒకటిన వచ్చి తుడిచేది. ఇద్దరూ ఒకే గోడ ముందు, ఒకే రాయికి ముఖం ఆనించి నిలబడ్డారు. ఒకరు మన అలవాటు ప్రకారం, ఒకరు వాళ్ళ అలవాటు ప్రకారం. మధ్యలో కొన్ని వారాలు.

గోడ మీద పేరు సగం చెరిగి ఉంది. ఆవిడ రుమాలు నా వైపు చాచింది. "ఇది మీ ఇంటిది అన్నారుగా. మీరే తుడవండి."

యూదిత్‌కు ఇచ్చిన మాట గుర్తుంది. పేరు పోనివ్వకు అంది. ఆ రుమాలు తీసుకుని నా చేతులతోనే తుడిచాను. మొత్తం పోయేదాకా తుడిచాను. తర్వాత ఆ ఖాళీకి ఫొటో తీశాను. ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మీ అక్క తీసినవాటి చివర దీన్నే పెట్టాలి. పైన ఓల్గా, కింద తెల్లటి రాయి.

ఇంటికి తీసుకొచ్చాను. టీ ఇచ్చాను. పై అంతస్తు ఆవిడ పంపిన గింజలు మిగిలినవి వెచ్చబెట్టాను. గిన్నె ఖాళీ చేసింది. యూదిత్ ఫొటోలన్నీ బల్ల మీద ఇంకా అలాగే ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్కటీ చూసింది. "ఇన్నిసార్లు రాసిందా?" అని అడిగింది. అన్నిటికన్నా నల్లగా ఉన్నది ఒకటి ఎంచుకుని, "ఇది నేను తీసుకోనా? గోడ మీద వద్దు గానీ, ఇంట్లో ఉండనీ" అంది. మీ నాన్న ఎప్పుడు పోయాడని అడిగింది. డెబ్బై ఒకటిలో అన్నాను. "అప్పటికి నాకు ముప్పై" అని మాత్రం అంది. తమ్ముడు ఉన్నాడని చెప్పాను. ఏం చేస్తాడంది. పళ్ళ డాక్టరన్నాను. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇది పూడుస్తానంటాడేమో. వద్దని చెప్పండి" అంది. నేను నవ్వాను. మార్చి తర్వాత ఈ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి.

నిన్ను అనుమానించాను. ఇల్దికోను కూడా. ఫోనులో తను అన్న మాటలు వెనక్కి తీసుకోవద్దని చెప్పు. అవి నాకు తగినవే. నువ్వు నీ చిన్నతనమంతా ఒక చచ్చిపోయిన పిల్ల పక్కన పెరిగావు. ఆ పిల్ల బతికే ఉంది. కోడిగుడ్లు అమ్ముకుంటుంది, చలికి మోకాళ్ళు నొప్పులంటుంది. ఆవిడ నీకు అక్క. నాకు వదిన. నీకు కోపం ఉంటే ఇప్పుడు ఎదురుగా కూర్చుని కోప్పడవచ్చు.

మార్చిలో యూదిత్ రాయి నిలబెట్టే రోజుకు మీ ఇద్దరూ రావాలి. లీవియా వస్తానంది. చామంతులు మార్చిలో దొరకవు కాబట్టి ఏ పువ్వులు తెస్తే బాగుంటుందని అడిగింది. తెల్లవి ఏవైనా అన్నాను. మన శ్మశానంలో పువ్వులు పెట్టరని చెప్పలేదు.

నువ్వూ చెప్పకు.

మీ బావ,
ఆండోర్